మాస్కు పెట్టుకోవడానికి నాకు పట్టిన కాలం

ఆ రోజు మధ్యాహ్నం కిందనుంచి ఎవరో ఆపకుండా ఈల వేస్తున్నట్టు వినబడింది. అది నాకోసమేనని మాత్రం తెలియలేదు. తెలివి వచ్చేసరికి నా చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. క్రేన్ నడుస్తూనే ఉంది. గొలుసులకు వేలాడుతున్న రైలు చక్రాల జత దిగవలసిన చోటు దాటిపోయి, మనుషులు కూర్చొని పనిచేసుకుంటున్న వైపుకు పోతోంది.

హ్యాండిల్ వెనక్కి లాగాను. క్రేన్ ఆగింది గాని బరువు ఆగలేదు. ఊగుతూ ముందుకు వెళ్లి, పేర్చి ఉన్న ఇనుపసామానుకు తగిలి, షాపంతా మోగేలా శబ్దం చేసి వెనక్కి వచ్చింది. అక్కడున్నవాళ్లు అప్పటికే లేచి పరిగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు. నా బామ్మర్ది సూరిబాబు నోట్లో ఈల అలాగే పెట్టుకొని కిందనుంచి నావైపు చూస్తున్నాడు. బరువుకు గొలుసులు తగిలించి, చేతిసైగలతో నాకు దారి చూపించడం వాడి పని. ఆ బరువు వెళ్లే దారిలో అందరికన్నా ముందు ఉండేది వాడే.

బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్పటికి చాలా ఏళ్లుగా నేను క్రేన్ నడుపుతున్నాను. షాపు పైకప్పు కింద ఈ కొసనుంచి ఆ కొసదాకా పట్టాలమీద తిరిగే క్రేన్ అది. పైన కేబిన్లో కూర్చుంటే కింద తలకాయలు మాత్రమే కనిపిస్తాయి. ఏ తల ఎవరిదో నాకు తెలుసు. ఇలాంటిది ఎన్నడూ జరగలేదు. నిచ్చెన దిగాను. ఫోర్‌మన్ నన్ను దగ్గరకు పిలిచి నోరు వాసన చూశాడు. పండగకు కూడా మందు ముట్టనివాణ్ణి. వాసన రాకపోయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. డాక్టరు చూసేదాకా క్రేన్ ఎక్కవద్దన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే మాట అనేవాణ్ణి.

గేటు బయటికి వచ్చాక సూరిబాబు నా సైకిల్ తనే పట్టుకొని నా పక్కన నడిచాడు. మా క్వార్టర్ల మలుపు దగ్గర ఆగి అడిగాడు.

"బావా, నీకేటైనాది? నాను సెయ్యి ఊపుతుంటే నాకేసే సూస్తన్నట్టున్నావు. గానీ నువ్వు అక్కడ నేవు."

నిద్ర ముంచుకొస్తే మనిషికి తెలుస్తుంది. కళ్లు మండుతాయి, తల వాలుతుంది. నాకు ఏదీ తెలియలేదు. ఉన్నాను, తరవాత లేను, మళ్లీ ఉన్నాను. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ జబ్బు ఆ రోజు మొదలైంది కాదు. అంతకుముందు రెండు మూడేళ్లుగా పొద్దున్నే లేచేసరికి తల బండలా ఉండేది. ఎంత తొందరగా పడుకున్నా ఒళ్లు తేలికపడేది కాదు. కంచంలో చెయ్యి ఉండగానే తూలేవాణ్ణి. గుడిలో హరికథకు వెళ్తే పక్కవాళ్లు భుజం తట్టి లేపేవాళ్లు. షిఫ్టు డ్యూటీలు, వయసు మీదపడటం, ఒళ్లు చేయడం అని సరిపెట్టుకున్నాను. గురక సంగతి మా ఇంట్లో నవ్వులాట. గూడ్సుబండి రాత్రి మీ ఇంట్లోంచే వెళ్లిందా అని పక్క క్వార్టరువాళ్లు అడిగేవారు. మా నాన్న గురక అంతకన్నా పెద్దది. కాబట్టి గురక అనేది మా వంశంలో ముక్కూ మొహం లాంటిదే అనుకునేవాళ్లం.

ఆసుపత్రిలో బ్లడ్ టెస్టు, షుగర్, ఈసీజీ, చెస్ట్ ఎక్స్‌రే అన్నీ చేశారు. బీపీ ఎక్కువగా ఉందని మాత్రలిచ్చి బరువు తగ్గమన్నారు. క్రేన్ మీదినుంచి తప్పించి నన్ను టూల్‌రూములో వేశారు. అడిగినవాళ్లకు పనిముట్లు ఇచ్చి మళ్లీ తీసుకోవడమే పని. బీపీ మాత్రలు వేసుకున్నా తూలడం తగ్గలేదు. కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే మోకాళ్లు వంగిపోయేవి. ఎదుటివాడు పానా అడిగితే సుత్తి ఇచ్చేవాణ్ణి.

మా వీధిలో మాట వేరేగా పాకింది. తాగి క్రేన్ ఎక్కాడట, సొంత బామ్మర్దినే చంపబోయాడట అని. కుళాయి దగ్గర మా ఆవిడ పైడితల్లి ఆ మాటలన్నీ విని, బిందె ఎత్తుకొని వచ్చేసేది. నాకు చెప్పేది కాదు. సూరిబాబు చెప్పాడు.

మాటలకన్నా నన్ను తినేసింది వేరే భయం. నిద్ర నామీద ఎటునుంచి వచ్చి పడుతుందో తెలియదు. మలంచా రోడ్డు దాటాలంటే బస్సులూ ఆటోలూ కాదు, నా కళ్లే నాకు శత్రువులు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవాణ్ణి కాదు. గోళ్లతో అరచెయ్యి గిచ్చుకుంటూ నిలబడేవాణ్ణి. రోడ్డుమీద నన్ను ఒంటరిగా పంపడం ఇష్టంలేక పైడితల్లి ఆసుపత్రికి నాతో రావడం మొదలుపెట్టింది. అదే నా ప్రాణం కాపాడింది.

ఒకరోజు ఛాతీ డాక్టరు దగ్గరికి పంపారు. బెంగాలీ ఆయన, నెమ్మదైన మనిషి. రాత్రిపూట నిద్ర ఎలా ఉందని హిందీలో అడిగారు. దిండుకు తల ఆనించడమే ఆలస్యమండీ, బ్రహ్మాండంగా పడుతుంది అన్నాను. ఆయన నన్ను వదిలేసి పైడితల్లివైపు తిరిగారు. ఆమె తల దించుకుంది. మొగుడి గురక గురించి పరాయి మగవాడి ముందు మాట్లాడటం ఆమెకు సిగ్గు.

"బోలో దీదీ," అన్నారాయన. "మీరు చూసింది చెప్పండి చాలు."

ఆమెకు వచ్చిన హిందీ, బెంగాలీ రెండూ కలిపినా ఆ సంగతి చెప్పడానికి సరిపోలేదు. అందుకని చేసి చూపించింది. నోరు తెరిచి నాలాగే గురక పెట్టింది. ఉన్నట్టుండి ఆపేసింది. నోరు తెరిచే ఉంది, ఛాతీ, కడుపు ఎగిసెగిసి పడుతున్నాయి, ఊపిరి మాత్రం లోపలికి పోవడం లేదు. నవ్వబోయిన డాక్టరుగారు ఆగిపోయి చేతిగడియారం చూశారు. ఆమె ఇంకా ఊపిరి తీసుకోలేదు. మొహం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. చాల్లే అన్నాను. ఆమె ఆపలేదు. చివరికి నూతిలో మునిగినవాడు పైకి తేలినట్టు పెద్దగా గాలి లాగి, దగ్గి, పైటకొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇలగే బాబూ," అంది తెలుగులోనే. "రాత్రల్లా ఇలగే. మల్లీ ఊపిరి వొస్తాదా రాదా అని సూస్తా కూకుంటాను."

డాక్టరుగారికి తెలుగు రాదు. ఆ మాటను నేనే హిందీలోకి మార్చి చెప్పాలి. ఇన్నేళ్లుగా నా పక్కన పడుకొని ఈ మనిషి ఏం చూస్తూ వచ్చిందో నాకు ఆ గదిలోనే తెలిసింది.

కాసేపయ్యాక ఆయన మా అమ్మానాన్నల గురించి అడిగారు. నాన్న ఇదే వర్క్‌షాపులో పనిచేశారని, రిటైర్ కాకముందే పోయారని చెప్పాను. ఎలా పోయారని అడిగారు. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి చాపమీద పడుకున్నారు, లేవలేదు. నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు అని ఊరంతా అన్నారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ మాటే ఆయనకు చెబుతూ ఉన్నాను. రాస్తున్న కలం ఆపి, మీ నాన్నకు గురక ఉండేదా అని డాక్టరుగారు అడిగారు.

నేను జవాబు చెప్పకముందే ఆయనకు అర్థమయింది. నాకూ అర్థమయింది. నాన్న పోయిన వయసుకు నేను దగ్గరగా ఉన్నాను.

కలకత్తా పంపుతానని, అక్కడ నిద్రపోతుండగా పరీక్ష చేస్తారని చెప్పారు. ఆ పిలుపు వచ్చేదాకా వెల్లకిలా పడుకోవద్దని ఒక ఉపాయం చెప్పారు. పైడితల్లి నా బనియన్ వీపుమీద జేబు కుట్టి అందులో రబ్బరుబంతి పెట్టింది. వెల్లకిలా తిరిగితే బంతి పొడిచి పక్కకు తిరుగుతాను. కొంత మేలే. కానీ పడుకోవాలంటేనే నాకు భయం పట్టుకుంది. పొద్దుగూకుతుంటే గుండె దడ మొదలయ్యేది. మనిషికి సుఖమిచ్చేది నిద్ర అంటారు. నాకు అది రోజూ వెళ్లి రావలసిన నుయ్యి అయింది.

కలకత్తాలో స్లీప్ స్టడీ గదిలో తలకూ, గడ్డానికీ, ఛాతీకీ తీగలు అంటించారు. వేలికి ఒక క్లిప్పు పెట్టారు. ఇన్ని తీగలమధ్య నిద్రేం పడుతుందని టెక్నీషియన్‌తో అంటూ ఉన్నాను. మాట పూర్తికాకముందే నిద్రలోకి జారిపోయానట.

మర్నాడు అక్కడి డాక్టరమ్మ కాగితంమీద గీతలు చూపించింది. కొండల్లా లేచి పడుతున్నవి నా ఊపిరులు. మధ్యమధ్య గీత తిన్నగా, సమాధిలా పడుకొని ఉంది. అక్కడ ఊపిరి లేదు. ఆ కింద ఇంకో గీత మెట్లు దిగుతున్నట్టు కిందికి పోయింది. అది రక్తంలో ఆక్సిజన్. తిన్నటి గీతలు ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టబోతే కాగితం మడిచేసింది.

"ఆబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. సివియర్," అంది. "నిద్రపట్టగానే మీ గొంతు మూసుకుపోతోంది. మెదడు మిమ్మల్ని లేపి ఊపిరి తీయిస్తోంది. మళ్లీ నిద్ర, మళ్లీ మూసుకుపోవడం. మీకు నిద్ర ఎక్కువై పగలు తూలడం లేదు. మీకసలు నిద్రే లేదు."

దీనికి మాత్రలు లేవు. సీపాప్ అనే మిషన్ ఉంది. అది గాలిని ఒత్తిడితో గొట్టంలోంచి ముక్కులోకి పంపుతూ గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. ముక్కుమీద మాస్కు పెట్టుకొని పడుకోవాలి. ఎన్నాళ్లు అని అడిగాను. రోజూ అంది. ఎన్నాళ్లు రోజూ అని మళ్లీ అడిగాను. ఆమె పైడితల్లివైపు చూసి, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఎన్నాళ్లు పెట్టుకుంటారు అంది.

అక్కడే మొదటిసారి మాస్కు పెట్టారు. రబ్బరువాసన. తలచుట్టూ పట్టీలు బిగించారు. మిషన్ వేయగానే గాలి ముక్కులోకి తోసుకొచ్చింది. లోపలికి తీసుకోవడం తేలికే, తీసుకోకపోయినా వస్తుంది. బయటికి వదలాలంటే ఎదురుగాలిలో సైకిల్ తొక్కుతున్నట్టుంది. మాట్లాడబోయి నోరు తెరిస్తే ముక్కులోకి వచ్చిన గాలి నోట్లోంచి ఎగదన్నింది. మాట రాలేదు. చెవులు హోరెత్తాయి. ఎవరో తలగడ నా మొహంమీద అదిమినట్టయింది. రెండు చేతులతో మాస్కు పీకి పారేశాను. ఇది నావల్ల కాదు, దీనితోనే చచ్చిపోతానని చెప్పాను.

"మాస్కువల్ల ఎవరూ చచ్చిపోరు," అంది డాక్టరమ్మ. మాస్కు లేకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు.

మిషన్ మంజూరై చేతికి రావడానికి చాలా నెలలు పట్టింది. లోకల్ బండిలో ఒళ్లో పెట్టుకొని తెచ్చాను. మా అమ్మాయి నూకరత్నం అప్పుడు ఏడో తరగతి. గొట్టం చూసి నాన్నకు తొండం వచ్చిందని నవ్వింది. నేనూ నవ్వాను.

రాత్రయ్యేసరికి నవ్వు పోయేది. పక్కన స్టూలుమీద మిషన్ రొద. మాస్కు అంచునుంచి గాలి కారి కళ్లలోకి కొట్టేది, పొద్దున కళ్లు ఎర్రగా మండేవి. గాలి కారకుండా పట్టీలు బిగిస్తే ముక్కుదూలం మీద పుండు పడింది. నోరు ఎండి నాలుక అంగిలికి అతుక్కునేది. గాలి కడుపులోకి పోయి పొట్ట ఉబ్బేది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒక్కటే. మాస్కు మొహంమీదికి రాగానే గుండె కొట్టుకోవడం మొదలయ్యేది, అరచేతులు తడిసిపోయేవి. ఊపిరి ఆగి చచ్చిపోతానేమోనన్న భయంతో పెట్టుకోవలసింది, పెట్టుకుంటే ఊపిరాడక చచ్చిపోతాననే భయం. ఈ రెండింటిమధ్య పడుకునేవాణ్ణి.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక రాత్రి లోడ్‌షెడ్డింగ్ అయింది. మెలకువ వచ్చేసరికి చీకటి. ఫ్యాను లేదు, మిషన్ రొద లేదు, ముక్కుమీద మాస్కు ఉంది, అందులో గాలి లేదు. పట్టీ ఎక్కడ విప్పాలో చేతులు మర్చిపోయాయి. గొట్టం పట్టుకొని లాగితే మిషన్ స్టూలుమీదినుంచి పడింది. పైడితల్లి లేచి చీకట్లోనే తడుముకొని మాస్కు పైకి లాగేసింది. గుమ్మంలో కూర్చొని తెల్లారేదాకా బయటి గాలి పీల్చుకున్నాను. మిషన్‌కు ఏమీ కాలేదు. నేనే మళ్లీ దాని దగ్గరికి పోలేకపోయాను. అది బీరువా మీదికి ఎక్కింది. పైడితల్లి రోజూ అడిగేది. రేపు పెట్టుకుంటాననేవాణ్ణి. మళ్లీ ఆమె కూర్చొని చూడటం మొదలుపెట్టింది. నాకు తెలుసు. తెలిసీ అటు తిరిగి పడుకునేవాణ్ణి.

రత్నానికి ఊళ్లోనే ఇందా అనే పేటలో లెక్కల ట్యూషన్ ఉండేది. ఒక సాయంత్రం దాన్ని సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని తీసుకొస్తున్నాను. వెలుగు ఇంకా ఉంది. అది స్కూల్లో ఏదో జరిగిందని చెబుతోంది, నేను ఊఁ కొడుతున్నాను. ఊఁ కొట్టడం ఎప్పుడు ఆపానో తెలియదు. కళ్లు తెరిచేసరికి నేను రోడ్డు పక్క కాలువలో ఉన్నాను, సైకిల్ నామీద ఉంది, వెనక వస్తున్న బస్సు కీచుమంటూ ఆగింది. రత్నం రోడ్డు అంచున పడి ఉంది. దాని ఎడమచెయ్యి మోచేతి కింద వంగకూడని చోట వంగి ఉంది. నోరు తెరిచి ఉంది గాని ఏడుపు రావడం లేదు. దారినపోయే బెంగాలీ ఒకాయన దాన్ని ఎత్తుకున్నాడు. ఇంకొకాయన ఆటో ఆపాడు.

ఆసుపత్రికి పైడితల్లి పరిగెత్తుకొచ్చింది. ఎలా పడ్డారని అడిగింది. నేను నోరు విప్పేలోపే రత్నం, ప్లాస్టర్ వేయించుకుంటూ, పళ్లబిగువున చెప్పింది.

"కుక్క అడ్డొచ్చినాదమ్మా. నాన్న బ్రేకు కొట్టినాడు."

ఏ కుక్కా రాలేదు. రత్నం నన్ను కాపాడుతోంది. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. కొంచెంసేపటికి పైడితల్లి వచ్చింది. కుక్క లేదు పైడీ అన్నాను. తెలుసు అంది. ఇంటికి వెళ్లాక బీరువా మీదినుంచి మిషన్ దించి, పాత చీరముక్కతో దుమ్ము తుడిచి, నా ముందు పెట్టింది.

"నా బయిం నాను మోసుకుంటాను, మావా," అంది. "ఇన్నాళ్లూ మోసినాను. ఇప్పుడు ఆ పిల్ల కూడా మోస్తన్నాది. దానికెందుకు సెప్పు?"

ఆ వారంలోనే కలకత్తా వెళ్లాం. మిషన్ వాడటం లేదని చెప్పి, డాక్టరమ్మ తిడుతుందని తల దించుకొని కూర్చున్నాను. ఆమె తిట్టలేదు. సగంమంది ఇలాగే బీరువా మీద పెడతారంది. మాస్కు పెట్టించి, మిషన్ వేయించి, నేను చూస్తుండగానే స్విచ్ ఆపేసింది. నా ఒళ్లు బిగుసుకుపోయింది.

"నోరు తెరవండి," అంది.

తెరిచాను. గాలి వచ్చింది.

"మాస్కు ముక్కుమీదే ఉంది. నోటికి అడ్డమేమీ లేదు కదా. కరెంటు పోతే నోరు తెరిచి ఊపిరి తీసుకోండి, తరవాత తీరిగ్గా మాస్కు తీసుకోవచ్చు." మళ్లీ స్విచ్ వేసింది, మళ్లీ ఆపింది. భయం పోయేదాకా కాదు గాని, చేతులు పట్టీలమీదికి పోకుండా ఉండేదాకా అలా చేయించింది. మాస్కు కూడా నా ముక్కుకు పెద్దదైందట, చిన్నది ఇచ్చింది. గాలి కారితే పట్టీ బిగించకండి, వదులు చేసి మాస్కును కాస్త పైకెత్తి మళ్లీ కూర్చోబెట్టండి అని చూపించింది. గాలి ఒత్తిడి మొదట తక్కువలో పెట్టి, అలవాటయ్యే కొద్దీ పెంచుదామంది. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి వద్దు, ముందు పగలు పెట్టుకోండి అంది. మెలకువగా ఉన్నప్పుడు, కూర్చొని, పట్టీలు లేకుండా, చేత్తో పట్టుకొని.

డ్యూటీనుంచి వచ్చి టీ తాగాక వరండాలో కుర్చీ వేసుకొని కూర్చునేవాణ్ణి. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడదీసుకొని రత్నం ఎదురుగా మెట్టుమీద కూర్చుని తెలుగు పాఠం పైకి చదివేది. నేను మాస్కు చేత్తో ముక్కుకు ఆనించుకొని వినేవాణ్ణి. మిషన్ లేదు, గొట్టం లేదు, ఉత్త మాస్కు. మొదటిరోజు అది పేరా పూర్తిచేయకముందే తీసేశాను. చొక్కా చెమటతో తడిసింది. అది తలెత్తి చూసి, అదే పేరా మళ్లీ మొదలుపెట్టింది. దారినపోయేవాళ్లు ఆగి చూసేవారు. ఒకాయన ఏటిది రాజూ, విమానం నడుపుతన్నావా అని అడిగాడు. సిగ్గేసింది. అయినా తీయలేదు.

పాఠం పూర్తయ్యేదాకా పట్టుకోగలిగాక గొట్టం తగిలించాం. తరవాత మిషన్ వేశాం. ఆ తరవాతే పట్టీలు. పైడితల్లి మెత్తని నూలుగుడ్డ మడిచి పట్టీలకు తొడుగులు కుట్టింది, చెంపలమీద చారలు పడకుండా. ముక్కుమీద పుండు మానింది. కూర్చొని అలవాటయ్యాక మంచంమీద వాలి, పగటిపూటే, కళ్లు తెరుచుకొని పడుకునేవాణ్ణి. వెనక్కి కూడా పోయాను. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే పాత భయం మొత్తం తిరిగొచ్చింది. మళ్లీ కుర్చీ దగ్గరినుంచి మొదలుపెట్టాం. రత్నం కట్టు విప్పిన రోజుకు కూడా నేను రాత్రంతా మాస్కు ఉంచుకోలేకపోయాను.

ఒకరోజు మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. తల బండలా లేదు. ఎందుకో ఒక క్షణం అర్థం కాలేదు. మాస్కు మొహంమీదే ఉంది, మిషన్ తిరుగుతూనే ఉంది. పక్కన పైడితల్లి గోడవైపు తిరిగి, కదలకుండా, అలికిడి లేకుండా పడి ఉంది. మాస్కు లాగేసి వంగి ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. వెచ్చగా ఊపిరి తగిలింది. నిద్రపోతోంది, అంతే. ఎండెక్కేదాకా ఆ మనిషి నిద్రపోవడం నేను పెళ్లయిన కొత్తలో కూడా చూడలేదు. లేపకుండా నేనే వెళ్లి స్టవ్ వెలిగించి టీ పెట్టాను.

ఆ తరవాత పగలు తూలడం కొంచెం కొంచెంగా తగ్గింది. బీపీ దిగింది. మరోసారి స్లీప్ స్టడీ చేసి, మిషన్‌తో గీతలన్నీ కొండలేనని డాక్టరమ్మ చూపించింది. మెడికల్ బోర్డువాళ్లు చూసి, కావాలంటే క్రేన్‌కు తిరిగి వెళ్లవచ్చన్నారు. సూరిబాబు సంబరపడ్డాడు. నేను నిచ్చెనెక్కి కేబిన్లో కూర్చున్నాను. కింద వాడి తల కనిపించింది. నా అరచేతులు తడిసిపోయాయి. దిగివచ్చి, టూల్‌రూములోనే ఉంటానని ఫోర్‌మన్‌కు చెప్పాను. సూరిబాబుకు కోపం వచ్చింది, కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు. నేను వద్దనుకున్నది మంచిదో కాదో నాకు తెలియదు. ఇప్పటికీ టూల్‌రూములోనే ఉన్నాను. పానా అడిగితే పానాయే ఇస్తున్నాను.

భయం పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. పొద్దుగూకితే ఇంకా ఒకసారి ఒళ్లు బిగుసుకుంటుంది. వానాకాలం ఉరుము ఉరిమితే ముందు కరెంటు గుర్తొస్తుంది. ఊరెళ్లాలంటే మిషన్ సంచి బట్టలకన్నా ముందు సర్దుకుంటాను. మాస్కు లేకుండా మాత్రం మధ్యాహ్నం కునుకు కూడా తీయను.

మీకు గాని, మీ ఇంట్లోవాళ్లకు గాని ఈ మాస్కు అవసరమైతే నేను చెప్పేది ఒక్కటే. మొదటిరోజే రాత్రిపూట తలకు కట్టుకొని పడుకోవద్దు. పగలు, మెలకువగా, కూర్చొని, పట్టీలు లేకుండా మీ చేత్తోనే ముక్కుకు ఆనించుకోండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చని మీ చేతికి ముందు తెలియాలి. డాక్టరు చెప్పిన మిగతావన్నీ ఆ తరవాత.

మొన్న మలంచావైపునుంచి ఒక రైల్వే గార్డుగారు మా ఇంటికి వచ్చారు. కలకత్తాలో ఆయనకూ ఇదే చెప్పారట. మిషన్ పెట్టె విప్పకుండానే చంకలో పెట్టుకొని తెచ్చారు. ఇది నావల్ల కాదు దాదా అన్నారు బెంగాలీలో. నేను వాదించలేదు. వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, పెట్టెలోంచి మాస్కు ఒక్కటే తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లు మూసుకొని ముక్కుకు ఆనించుకున్నారు. వెంటనే తీసేశారు. నుదుటిమీద చెమట పట్టింది. కాసేపాగి మళ్లీ పెట్టుకున్నారు. మిషన్ వేయనా అని అడిగితే, ఇంకా వద్దని రెండో చెయ్యి ఊపారు.

వద్దులెండి, రేపు కూడా మాస్కు ఒక్కటే అన్నాను.